శుక్రవారం మూడూ నలభై

నా తోడికోడలంటే నాకు కుళ్ళు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాదంతా రాయడం తేలికవుతుంది. సోమవారం నుంచి ఆవిడ పెద్దాఫీసులో చేరుతోంది. వీడ్కోలు సభలో చదవడానికి ఒక పేజీ రాసివ్వమని పెద్ద డాక్టరుగారు నన్నే అడిగారు. ఒకే ఇంటి కోడళ్ళం, ఒకే ఆసుపత్రిలో పనిచేస్తున్నాం, ఆవిడ గురించి నాకంటే బాగా ఎవరికి తెలుస్తుందన్నారు. నిజమే. ఆ పేజీ రాసిచ్చేశాను. అందులో ఆవిడ నిబద్ధత, సమయపాలన, చిరునవ్వు అన్నీ ఉన్నాయి. ఇది ఆ పేజీలో పట్టనిది.

ఇంట్లో ఆవిడని చిన్నది అంటాం. ఆసుపత్రిలో ఐదుగంటలమ్మ అంటారు. ఒళ్ళు మండినప్పుడు నేను మాత్రం ఆవిడ అంటాను. ఈ కాగితాల్లో ఆవిడే ఎక్కువగా కనబడుతుంది, ఏమీ అనుకోకండి.

ఆ ఇంటికి నేను ముందొచ్చాను. ఆ ఆసుపత్రికీ నేనే ముందొచ్చాను. ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఊళ్ళో సగం మంది వేళ్ళు నా సూది చూసినవే. ఇంటికెవరొచ్చినా మా అత్తగారు, "మా పెద్ద కోడలు ఒక్క చుక్క చూసి రోగం చెప్పేస్తుంది" అనేది. ఆరేళ్ళు ఆ మాట మీద బతికాను. అప్పుడు మా మరిదికి పెళ్ళయింది. వచ్చిన పిల్ల ఏడాది తిరక్కుండానే పరీక్ష రాసి, మా ఆసుపత్రిలోనే రోగాల రిపోర్టు గుమాస్తాగా చేరింది. చీపుళ్ళు, ఫినాయిలు డబ్బాలు పెట్టుకునే గది ఖాళీ చేయించి ఆవిడకిచ్చారు. ఆ గదీ మా ల్యాబూ పక్కపక్కనే. మధ్య గోడలో చెక్క తలుపున్న చిన్న కిటికీ, కిటికీ గట్టు మీద ఒక తీగల ట్రే ఉంటాయి. ఇంట్లో ఒకే వంటగది, ఆసుపత్రిలో ఒకే గోడ. తప్పించుకునే దారి లేదు.

ఆవిడ పని చెప్పాలి. ప్రభుత్వం దగ్గర కొన్ని రోగాల జాబితా ఉంది. వాటిలో ఏ ఒక్కటి ఎవరిలో కనబడినా, ఆ రోజు సాయంత్రం ఐదులోపు ప్రజారోగ్యం వాళ్ళ పెద్దాఫీసుకి ఫోన్ చేసి చెప్పాలి, ఫారం నింపి పంపాలి. ఐదు దాటితే అక్కడ ఫోనెత్తేవాళ్ళుండరు. శనాదివారాలు సెలవు. జాబితాలో పందొమ్మిదోది పిడుదు జ్వరం. పశువుల చెవుల్లో పట్టుకుని వేలాడే పిడుదు అందరికీ తెలుసు. దాని చుట్టం ఇంకొకటుంది. అది ఎలుకల గూళ్ళలో, పాత చెక్కల సందుల్లో దాక్కుని, మనిషి కన్ను మూసినప్పుడు వచ్చి, కాసేపు రక్తం తాగి వెళ్ళిపోతుంది. కుట్టిన సంగతి కుట్టించుకున్నవాడికి తెలియదు. వారం పదిరోజులకి ఒళ్ళు కాలిపోయే జ్వరం వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. జ్వరం ఉన్నప్పుడు రక్తం తీసి మైక్రోస్కోపు కింద పెడితే కణాల మధ్య సన్నటి మెలికల దారాలు కనబడతాయి. వాటిని పట్టడానికి ఓపిక కావాలి, కళ్ళు కావాలి. ఆ రెండూ నాకున్నాయని నాకు పొగరు.

నాకు పని నేర్పిన పెద్దాయన ఒక అలవాటు చేసిపోయాడు. రోగం కంటపడిన క్షణం గోడ గడియారం చూసి ముందు టైం వేయాలి, ఆ తర్వాతే పేరు. ఇరవై ఏళ్ళుగా నా చెయ్యి అలాగే రాస్తుంది. ఆ కాగితం ట్రేలో వేస్తాను. అవతలి నుంచి ఆవిడ తీసుకుని ఫోన్ చేస్తుంది. కళ్ళు కాయలు కాసేలా వెతికి కనిపెట్టేది నేను. ఫారం కింద సంతకం ఆవిడది. పెద్దాఫీసు నుంచి వచ్చే మెచ్చుకోలు ఉత్తరం కూడా ఆవిడ పేరు మీదే వస్తుంది. రోజూ నాలుగూ యాభైఐదుకి కిటికీ తలుపు తెరిచి, "అక్కా, ఇంకేమైనా ఉందా?" అని అడుగుతుంది. లేదంటే గడియ పెట్టుకుంటుంది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఒక్క ఫారం కూడా ఆలస్యం కాలేదు. ఐదుగంటలమ్మ అన్న పేరు అలా వచ్చింది.

అంతవరకైతే ఓర్చుకునేదాన్నేమో. ఆవిడకి ఇంకో పిచ్చి ఉంది. ఫారంలో రోగి ఇంటి చిరునామా రాయమని ఉంటుంది, అంతే. ఆవిడ అక్కడితో ఆగదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఈ మూడు వారాల్లో ఎక్కడెక్కడ పడుకున్నారు, పగలు ఎక్కడ నడుం వాల్చారు, మంచం మీదా నేల మీదా, గోడ చెక్కదా ఇటుకదా అని అడుగుతుంది. జవాబులన్నీ పాత క్యాలెండరు కాగితాల వెనక రాసుకుంటుంది. మొదట్లో నర్సులతో కలిసి నేను నవ్వాను. తీరా చూస్తే రోగులకి అదే నచ్చింది. కట్టుకున్నవాళ్ళు కూడా అడగని ప్రశ్నలు ఒకరు శ్రద్ధగా అడుగుతుంటే ఎవరికి మాత్రం నచ్చదు. నేను వేలు గుచ్చితే మొహం తిప్పుకునేవాళ్ళు, ఆవిడ దగ్గర అరగంట కూర్చుని వాళ్ళ పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి గురించి కూడా చెప్పి లేచేవాళ్ళు.

ఇంట్లో సంగతీ అంతే. అత్తగారి మాత్రల చీటీ చదవాలంటే చిన్నది కావాలి. మా ఆయన ఏదైనా కనబడకపోతే, "చిన్నదాన్ని అడుగు, దానికి గుర్తుంటుంది" అంటారు. నా కూతురు బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ నా ల్యాబ్‌లో పడేసి, పక్కగదిలో పిన్ని బల్ల మీద హోంవర్క్ రాసుకుంటుంది. కిటికీలోంచి వాళ్ళ నవ్వులు వినబడతాయి. నేను స్లైడ్ మీద రంగు కడుగుతూ పళ్ళు నూరుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. పోయినేడాది చివర్లో పెద్దాఫీసులో ఒక సీటు ఖాళీ అయింది. అన్ని ఆసుపత్రుల రిపోర్టులూ చూసే సీటు. ఆ ఏడాది ఒక్క ఆలస్యం కూడా లేనివాళ్ళకే ఇస్తామన్నారు. ఇక మిగిలింది మూడు వారాలు. సీటు ఆవిడదేనని ఆసుపత్రంతా తేల్చేసింది. అత్తగారైతే అప్పుడే పక్కింటివాళ్ళకి చెప్పేసింది. "మా చిన్న కోడలు పెద్దాఫీసులో" అని. ఒక్క చుక్క చూసి రోగం చెప్పే కోడలు ఎవరికీ గుర్తులేదు.

అదే నెలలో రెండు పిడుదు జ్వరాలు వచ్చాయి. ఒకరు కరెంటు పనివాడు, ఇంకొకరు ముసలి తాపీమేస్త్రీ. ఇళ్ళు చెరో మూల. పెద్దాఫీసులో ఫారాలు చిరునామాల వారీగా సర్దుతారు కాబట్టి ఆ రెండూ రెండు వేరు వేరు ఫైళ్ళలోకి పోయాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. ఆవిడ మాత్రం క్యాలెండరు కాగితాలు చూసుకుని, ఇద్దరూ కలప డిపోలో పనికెళ్ళారనీ, మధ్యాహ్నాలు అక్కడి పాత చెక్కల షెడ్డులో పడుకున్నారనీ కనిపెట్టింది. ఫోన్ చేసి చెబితే, ఇద్దరితో ఏమీ తేలదు, అదే చోటి నుంచి మూడో కేసు వస్తే ఆ రోజే మనుషుల్ని పంపి షెడ్డు మూయిస్తాం అన్నారట. ఈ సంగతంతా భోజనాల దగ్గర చెప్పింది. నేను వడ్డిస్తూ విన్నాను. విననట్టు విన్నాను.

అదే వారం గురువారం నా కూతురికి బడిలో వ్యాసం రాయమన్నారు, నాకు నచ్చిన మనిషి గురించి. టీచరు దాన్ని క్లాసులో పైకి చదివించింది. అత్తగారు ఇంట్లో మూడుసార్లు చదివించుకుంది. నాకు కంఠతా వచ్చేసింది: "మా పిన్ని అందరినీ ఎక్కడ పడుకున్నారని అడుగుతుంది. అందువల్ల జబ్బులు ఎక్కడి నుంచి వస్తాయో తెలుస్తుంది. మా అమ్మ కూడా అక్కడే పనిచేస్తుంది. ఆమె సూదితో గుచ్చుతుంది." అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కడుపులో మంట మాత్రం తెల్లారినా చల్లారలేదు.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం ఒకతను వణుకుతూ వచ్చాడు. వేలు గుచ్చుతుంటే అతని చేతి వెంట్రుకల్లో రంపపు పొట్టు కనబడింది. చూశాను. చూడలేదనుకున్నాను. మైక్రోస్కోపులో ఒకసారికి కనబడే మేరని గడి అంటాం, రెండో గడిలోనే దారాలు దొరికాయి. నా చెయ్యి దాని అలవాటు కొద్దీ గడియారం వైపు చూసి రాసేసింది: శుక్రవారం, మూడూ నలభై. డాక్టరుగారికి నోటిమాటగా చెప్పాను. ఆయన మందు రాసిచ్చి పంపారు. రోగికి అన్యాయమేమీ జరగలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాగితం మాత్రం ట్రేలో వేయలేదు. మైక్రోస్కోపు మీద కప్పే గుడ్డ కింద పెట్టాను.

నాలుగూ యాభైఐదుకి కిటికీ తెరుచుకుంది.

"అక్కా, ఇంకేమైనా ఉందా?"

"ఏమీ లేదు" అన్నాను.

గడియ పడిన చప్పుడు వినబడింది. ఒక్క ఆలస్యం. అంతకంటే నేనేమీ కోరుకోలేదు. ఆ సీటు వస్తే ఆవిడ నా పక్కగది వదిలి పోతుందన్న ఆలోచన కూడా అప్పుడు రాలేదు. ఆవిడ పోవాలని కాదు నా కుళ్ళు. ఆవిడకి దక్కకూడదని.

సోమవారం పొద్దున్నే కాగితం ట్రేలో వేశాను. ఆవిడ తీసింది, టైం చూసింది. నన్నేమీ అడగలేదు. ఆ రోగికి ఫోన్ చేసి ఎక్కడ పడుకున్నాడో కనుక్కుని, ఆ వెంటనే పెద్దాఫీసుకి చేసింది. మూడో కేసు అదే షెడ్డు. మధ్యాహ్నానికల్లా మనుషులొచ్చి షెడ్డుకి తాళం వేశారు. చెక్క గోడ విప్పితే లోపల ఎలుకల గూళ్ళూ, సందుల నిండా పిడుదులూ ఉన్నాయట. ఫారంలో ఆవిడ రెండు టైములు రాసింది, నేను చూసినదొకటి, తనకి అందినదొకటి. పెద్దాఫీసువాళ్ళు ఆ తేడా పట్టించుకోలేదు. ఫారం ఎవరి పేరు మీద వెళితే ఆలస్యం వాళ్ళ ఖాతాలోకే. గురువారం ఉత్తరం వచ్చింది. సీటు ఇంకెవరికో వెళ్ళిపోయింది.

నాకు సంతోషంగా ఉండాలి కదా. లేదు. పైగా ఇంట్లో అందరి జాలి ఇప్పుడు ఆవిడ మీదికి మళ్ళింది. అత్తగారు పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరింది. నా కూతురు పిన్ని దగ్గరే పడుకుంటానంది. ఓడిపోయి కూడా ఆవిడే గెలిచింది. నా మంట ఇంకాస్త ఎక్కువైంది.

ఆ పై బుధవారం మా మరిదిని ఆసుపత్రికి తీసుకొచ్చారు. అతను లారీ నడుపుతాడు. ఆదివారం నుంచి జ్వరమని తెలుసు, చలిలో లారీ నడిపి వచ్చాడు కాబట్టి దానివల్లే అనుకున్నాం. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేటప్పటికి అతను కాలేజీలో చదువుకుంటున్నాడు. నా చేతి అన్నం తిని పెరిగినవాడు. వేలు గుచ్చుతుంటే, "వదినా, కాస్త మెల్లిగా" అని నవ్వబోయాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

స్లైడ్ పెట్టాను. దారాలు. ఒక్కో గడిలో నాలుగైదు. గోడ గడియారం చూశాను, పదకొండూ ఇరవై. రాశాను. ఆ కింద మా ఇంటిపేరే రాయాల్సి వచ్చింది.

ట్రేలో వేయకుండా కాగితం పట్టుకుని పక్కగదికి నేనే వెళ్ళాను. ఆవిడ చదివింది. ముందు డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తి మందు వేయించి వచ్చింది. తర్వాత మొగుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏ రోగినైనా అడిగినట్టే మొదలుపెట్టింది, పేరు, వయసు, చిరునామా. ఈ మూడు వారాల్లో ఎక్కడెక్కడ పడుకున్నారని అడిగింది. ఇంట్లో నీ పక్కనే అన్నాడు. పగలు అంది. పగలు లారీలో అన్నాడు. ఆవిడ మళ్ళీ అడిగింది. అతను కళ్ళు మూసుకుని ఆలోచించాడు.

"ఒక్కరోజు కలప డిపోలో. లోడు ఎత్తడం లేటయింది, షెడ్డులో మంచముంటే రెండు గంటలు పడుకున్నా. శనివారం. మూసేయకముందు."

ఆవిడ గోడ మీది క్యాలెండరు వైపు ఒకసారి చూసింది. శుక్రవారం మూడూ నలభై. ఆ సాయంత్రమే కబురు వెళ్ళుంటే శనివారానికి ఆ షెడ్డుకి తాళం ఉండేది. ఆ లెక్క ఆవిడ వేసింది. నేనూ వేశాను. మా మరిదికి మాత్రం ఏమీ అర్థం కాలేదు.

అతన్ని వార్డుకి పంపాక గది తలుపు దగ్గరగా వేశాను. "శుక్రవారం నువ్వడిగినప్పుడు ఆ కాగితం నా దగ్గరే ఉంది" అన్నాను.

"తెలుసు. టైం మీ చేతిరాతే కదా."

"మరి అడగలేదేం?"

"తొమ్మిది రోజుల నుంచి చూస్తున్నా, మీరే చెబుతారని. ఆలస్యానికి కారణం ఏం రాయాలో నాకు తెలీదు. ఎందుకు ఆపారో మీకే తెలుసు."

ఏడవలేదు, అరవలేదు. ఫోన్ తీసి నాలుగో కేసు చెప్పింది. రోగి పేరు మాత్రం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. నాకు తల తీసేసినట్టయింది.

ఆలస్యం వివరణకి వేరే ఫారం ఉంది. కారణం అన్న చోట ఫోన్ పనిచేయలేదు, సెలవు, సిబ్బంది లేరు, ఇతరములు అని నాలుగు గడులుంటాయి. ఇతరములు దగ్గర గుర్తు పెట్టి, రిపోర్టు గుమాస్తా మీద అసూయతో కాగితం దాచాను అని రాసి సంతకం చేశాను. పెద్ద డాక్టరుగారు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పని ఒత్తిడి అని రాయొచ్చు కదమ్మా అన్నారు. ఒత్తిడేమీ లేదండీ, కుళ్ళే అన్నాను. మెమో వచ్చింది. ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. ఆవిడ పేరు మీది ఆలస్యం కొట్టేశారు గాని, సీటు అప్పటికే నిండిపోయింది.

ఇంట్లో కూడా అదే రోజు చెప్పాను. అత్తగారు లేచి ఆసుపత్రికి, కొడుకు దగ్గరికి బయలుదేరింది. మా ఆయన వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు. జ్వరం తగ్గాక మరిది, "వదినా, నా రక్తంలో దారాలు చూశావట, ఏ రంగు?" అని అడిగాడు. మనిషి మనసులో ఏదీ పెట్టుకోడు. అతను క్షమించినందుకు నాకింకా సిగ్గేసింది.

ఆవిడ అంత తేలిగ్గా వదల్లేదు. పనిలో ఏ లోటూ లేదు. రోజూ నాలుగూ యాభైఐదుకి కిటికీ తెరిచేది. "ఇంకేమైనా ఉందా?" అనేది. అంతే. ముందుండే ఆ అక్కా అన్న మాట పోయింది. ఇంట్లోనూ అంతే, ఉప్పు అందుకోండి, తలుపు వేసుకోండి. పిలుపు లేదు. నర్సుల్ని అక్కా అనేది, ఆయాని అక్కా అనేది, మందులిచ్చే ఆమెని కూడా అక్కా అనేది. ఆయాని చూసి నేను కుళ్ళుకున్న రోజులవి. నవ్వండి, ఫరవాలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక మంగళవారం. ఆ రోజు ప్రత్యేకమేమీ లేదు. కిటికీ తెరుచుకుంది. "అక్కా, ఇంకేమైనా ఉందా?" నా దగ్గర ఏమీ లేదు. అయినా బల్లంతా వెతికాను, సొరుగులు తెరిచాను, గుడ్డ ఎత్తి చూశాను, ఆవిడ ఇంకొంచెంసేపు అక్కడ నిలబడుతుందని.

ఈ ఏడాది ఆ సీటు మళ్ళీ ఖాళీ అయింది. ఈసారి ఒక్క ఆలస్యం లేదు, ఉండనివ్వలేదు. ఇప్పుడు రోగుల చేతులకి పొట్టుందో మట్టుందో నేనూ చూస్తున్నాను, కాగితం వెనక రాస్తున్నాను. కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఇంకోవైపు తిరిగిందంతే. ఆ పెద్దాఫీసులో ఆవిడ పక్క బల్ల దగ్గర ఎవరో ఒక పెద్దావిడ కూర్చుంటుంది. సోమవారం సాయంత్రమయ్యేసరికి ఆవిడ ఆమెని అక్కా అని పిలుస్తుంది. మొహం కూడా చూడని ఆ మనిషి మీద నాకు ఇప్పటి నుంచే ఒళ్ళు మండుతోంది.

గోడ గడియారంలో నాలుగూ యాభై అయింది. ఇంకో ఐదు నిమిషాల్లో కిటికీ తెరుచుకుంటుంది, ఇదే ఆఖరుసారి. అడుగుతుంది. ఉంది అంటాను. రోగం కంటపడిన టైం పైనే వేశాను. ఇక ఈ కాగితాలు ట్రేలో పెడుతున్నాను.